సుద్దముక్కతో మొదలైన లెక్క

మా నాన్న వడ్రంగి. ప్లైవుడ్ షీటు కొనేముందు దాన్ని వేలి కణుపుతో తట్టి వింటారు. ఒక మూల నుంచి మొదలుపెట్టి జానెడు జానెడు దూరంలో తడుతూ ఇంకో మూలకు వెళతారు. గట్టిగా అతుక్కున్న చోట మోత బిగువుగా ఉంటుంది. లోపల పొర విడిచిన చోట డొల్లగా మారుతుంది. చిన్నప్పుడు నేను కూడా ఆయన వెనకే తడుతూ తిరిగేదాన్ని. కెమిస్ట్రీ డిగ్రీ పూర్తిచేసి రాజమహేంద్రవరం దగ్గర ఒక ప్లైవుడ్ ఫ్యాక్టరీలో జిగురు విభాగంలో చేరిన మొదటి వారంలో, హాట్ ప్రెస్ నుంచి అప్పుడే దిగిన బోర్డును అక్కడి పెద్దాయన చిన్న ఇనుప కడ్డీతో అచ్చం అలాగే తట్టడం చూశాను. నాన్న అంగట్లో నిలబడి పట్టుకునే తప్పును ఇక్కడ పుట్టిన నిమిషంలోనే పట్టుకోవచ్చు కదా అనిపించింది. అసలు పుట్టకుండా చూడవచ్చని తెలియడానికి ఇంకో నాలుగేళ్లు పట్టింది.

మామూలు కలపలో లోపం కంటికి కనిపిస్తుంది. ముడి, పగులు, పుచ్చు ఉంటే చూసి పక్కన పెట్టేస్తారు. ప్లైవుడ్ సంగతి వేరు. పైన అరమిల్లీమీటరు కూడా మందం లేని అందమైన ఫేస్ వెనీర్, అంటే పలచని పైచెక్క పొర, ఉంటుంది. దాని కింద ఏముందో కోసేదాకా తెలియదు. వంటింటి అల్మరా తలుపుకు బందు బిగిస్తుంటే, మర పట్టు దొరక్క ఊరికే తిరుగుతుంది. కోర్ పొరలో, అంటే లోపలి పొరలో, రెండు ముక్కల మధ్య వదిలేసిన బొటనవేలంత ఖాళీలోకి ఆ మర దిగిందన్నమాట. అప్పటికి షీటు ముక్కలైపోయింది, పైన లామినేట్ అతికించేశారు, ఇంటివారు డబ్బు ఇచ్చేశారు. వడ్రంగి మాట పడతాడు. నాన్న అలా మాట పడిన రోజులు నాకు తెలుసు. అందుకే ఈ పని నాకు ఉద్యోగం కన్నా ఎక్కువ.

మా వైపు ప్లైవుడ్‌కు మూలం జామాయిల్. 1996 డిసెంబరులో అడవుల నరికివేతపై సుప్రీంకోర్టు ఉత్తర్వులు వచ్చాక ఈ పరిశ్రమ రైతుల పొలాల్లో పెరిగే చెట్లమీద మరింతగా ఆధారపడింది. యమునానగర్‌కు పోప్లర్, పెరుంబావూరుకు రబ్బరు కలప ఎలాగో మాకు జామాయిల్, సరుగుడు, సుబాబుల్, ఈమధ్య మలబార్ వేప అలా. తోటల్లో కొన్నేళ్లకే కొట్టే దుంగలు సన్నగా ఉంటాయి. జామాయిల్ కాండంలో పెరుగుదలప్పటి బిగువు ఎక్కువ కాబట్టి కొట్టిన కొద్ది రోజులకే కొసలు నక్షత్రంలా పగులుతాయి. దుంగను పీలింగ్ యంత్రంలో తిప్పుతూ, చాప చుట్టను విప్పినట్టు పలచని వెనీర్‌గా విప్పుతారు. దాన్ని ముక్కలు చేసి ఆరబెట్టి, జిగురు పూసి, ఒక పొర నిలువుగా, ఒక పొర అడ్డంగా పేర్చి, ముందు చల్లని ప్రెస్‌లో, తర్వాత వేడి ప్రెస్‌లో నొక్కుతారు. ఆపైన అంచులు కోసి, శాండింగ్ చేసి, గ్రేడింగ్ బల్ల మీద పెడతారు.

నేను చేరినప్పుడు మా దగ్గర నాణ్యత అంటే ఆ చివరి బల్లే. మంచిది ఒక వరుస, కొంచెం తేడా ఉన్నది రెండో రకం. బుడగ ఉన్నచోట కోసి, సూదితో జిగురు ఎక్కించి మళ్లీ ప్రెస్‌కు పంపేవారు. అంచు ఖాళీల్లో రంపపు పొట్టు కలిపిన పుట్టీ నింపేవారు. ఆ పుట్టీ నింపడం నేను భరించలేకపోయేదాన్ని. ఖాళీ అలాగే ఉంటుంది, కొనేవాడికి కనిపించడం మాత్రం మానేస్తుంది. నెలాఖరు సమావేశంలో రెండో రకం లెక్క పెరిగిందని తేలితే అందరి వేళ్లూ జిగురు విభాగం వైపే తిరిగేవి. బోర్డు విడిపోతే జిగురు చెడ్డదనుకోవడం సహజం. ఆ నెల చివర నేను చెప్పగలిగింది ఒకటే, నా జిగురు బాగానే ఉంది అని. ఎవరు నమ్ముతారు?

ఆ వానాకాలంలోనే సుద్దముక్క పట్టుకున్నాను. ప్రెస్ నుంచి దిగే ప్రతి బోర్డు మీదా మూడు సంగతులు రాయమన్నాను. ఆ రోజు ఎన్నో లోడు, ప్రెస్‌లో ఎన్నో డేలైట్, పేర్చింది ఏ బల్ల. వేడి పలకల మధ్య ఒక్కో ఖాళీని డేలైట్ అంటారు. మా ప్రెస్‌కు పది ఉన్నాయి. శాండింగ్‌లో ఆ రాత చెరిగిపోతుంది కాబట్టి అంచులు కోసేచోటే లెక్క తీసుకోవాలి. మా దగ్గర ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది. తెలుగులో పట్టిక రాస్తే లాభం లేదు. అందుకని గోడ మీద బోర్డు బొమ్మ గీయించి, బుడగకు గుండ్రం, అంచు ఖాళీకి రెండు గీతలు, పొర మీద పొర ఎక్కితే మెట్టు గుర్తు పెట్టాం. లోపం బోర్డులో ఏ చోట ఉంటే బొమ్మ మీద అదే చోట గుర్తు వేయాలి. ప్రెస్ పెద్దాయన మొదటి వారం విసుక్కున్నారు. "లెక్కలు రాస్తూ కూర్చుంటే లోడు ఎవరు దించుతారు మేడమ్?" అన్నారు. మూడో వారానికి ఆయనే గోడ దగ్గర నిలబడి గుండ్రాలు లెక్కపెట్టడం చూశాను.

రెండు నెలల తర్వాత గోడ చెప్పింది మేమెవరం ఊహించనిది. సంఖ్యలో అన్నిటికంటే ఎక్కువ కోర్ ఖాళీలు, పొర మీద పొరలు. అంటే జిగురుకు సంబంధమే లేని తప్పులు. బుడగలు వాటికంటే తక్కువే అయినా నష్టం వాటివల్లే ఎక్కువ, ఎందుకంటే బోర్డు మధ్యలో బుడగ వస్తే ఆ షీటు దాదాపు పోయినట్టే. ఆ బుడగలు రోజంతా సమానంగా రావడంలేదు. పొద్దున మొదటి మూడు నాలుగు లోడుల్లో గుంపుగా వచ్చి, మధ్యాహ్నానికి సన్నగిల్లుతున్నాయి.

ఇది చూసి మేనేజర్ గారు నెమ్మదిగా అన్నారు, "పొద్దున వాడేది రాత్రి కాచిన జిగురే కదా." నా గుండె జారింది. పట్టిక నేను పెట్టించిందే, అది నామీదికే తిరిగింది. కాచిన ప్రతిసారీ చిక్కదనం చూసే బీ4 కప్పులో జిగురు ఎన్ని సెకన్లలో కారిందో నా రిజిస్టరులో ఉంది. రాత్రి జిగురుకు, పగటి జిగురుకు తేడా లేదు. కానీ తేడా లేదని చూపడం వేరు, అసలు కారణం చూపడం వేరు. చివరికి దారి చూపింది సెక్యూరిటీ గది దగ్గరి వాన లెక్కల పుస్తకం. సాయంత్రం మబ్బు పట్టిన రోజుల మర్నాడే బుడగలు. మబ్బు కమ్మగానే యార్డులో వెదురు దడుల మీద ఆరుతున్న కోర్ వెనీర్‌ను గబగబా పోగుచేసి షెడ్డులో పడేస్తారు. సగం ఆరిన ఆ కట్టలే మర్నాడు పొద్దున ముందుగా చేతికి అందుతాయి. సరి చూసుకోవడానికి ఒక రోజు రాత్రి జిగురే వాడి, రెండు రోజుల ముందే పూర్తిగా ఆరిన కట్టలతో పొద్దున లోడులు నడిపించాం. ఒక్క గుండ్రం కూడా పడలేదు.

తేమ ఎంత పని చేస్తుందో ఒక లెక్క వేసి చూపిస్తే తప్ప నమ్మకం కుదరదు. ఎనిమిదికి నాలుగు అడుగుల 19 మి.మీ. బోర్డులో పూర్తిగా ఎండిన కలప దాదాపు 35 కిలోలు ఉందనుకుందాం. తేమ 8 శాతమైతే అందులో నీళ్లు 2.8 లీటర్లు. 14 శాతమైతే 4.9 లీటర్లు. చేత్తో ముట్టుకుంటే రెండు వెనీర్లూ ఆరినట్టే అనిపిస్తాయి, బోర్డు మొత్తం మీద మాత్రం రెండు లీటర్లకు పైగా నీళ్ల తేడా ఉంది. జిగురులోని నీళ్లు దీనికి అదనం. ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురు గట్టిపడటానికి ప్రెస్‌ను 140 డిగ్రీల దాకా వేడిచేస్తాం. ఆ వేడిలో ఆవిరి పీడనం మామూలు గాలి పీడనానికి మూడున్నర రెట్లకు పైనే. ప్రెస్ మూసి ఉన్నంతసేపూ పలకల బలం దాన్ని అణచిపెడుతుంది. పలకలు తెరిచిన క్షణంలో ఆ ఆవిరికి అంచులదాకా పోయే దారి దూరమై, బోర్డు నడిమధ్యన పొరలను చీల్చుకుంటుంది. మా గోడ మీది గుండ్రాలన్నీ బొమ్మ మధ్యలోనే ఎందుకు పడ్డాయో అప్పుడు అందరికీ అర్థమైంది.

ఇక ఏం మార్చాలి? వెనీర్ తేమ, జిగురు పూత మందం, చివర్లో ప్రెస్ పీడనం తగ్గించే వేగం, ఈ మూడూ అనుమానితులే. ఒక్కోదానికి రెండు స్థాయిలు పెడితే మొత్తం ఎనిమిది కలయికలు. ఇక్కడ నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఒకటి చెప్పాలి. కలయికలన్నీ చేయకుండా, జాగ్రత్తగా ఎంచిన కొన్నింటితోనే ఒక్కో కారణం ప్రభావాన్ని విడదీసి చూపే పట్టికలను ఆర్థోగొనల్ అరేలు అంటారు. వాటికి 1940ల్లో గణిత పునాది వేసినవారు మన తెలుగువారు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన సి.ఆర్. రావు. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నప్పుడు చేసిన పని అది. కొలతలు హద్దులు దాటుతున్నాయేమో గీతల మధ్య చుక్కలతో చూపే కంట్రోల్ చార్టును 1924లో కనిపెట్టిన వాల్టర్ షూహార్ట్‌ను, ఆ సంస్థ స్థాపకుడు మహలనోబిస్ 1947-48లో అక్కడికే రప్పించారు. 1950ల నడుమ జపాన్ ఇంజనీరు గెనిచి టగుచి కూడా అక్కడ కొంతకాలం ఉన్నారు. తర్వాత కర్మాగారాల్లో ఆయన పేరుతో వ్యాపించిన ప్రయోగ పద్ధతికి ఈ అరేలే ఆధారం. జపాన్ పద్ధతి అని మాకు శిక్షణలో నేర్పినదాని వేరు మన వైపే ఉందని తెలిసిన రోజు నేను నాన్నకు ఫోను చేసి చెప్పాను. ఆయనకు గణితం అంతగా తెలియదు. అయినా రెండుసార్లు చెప్పించుకున్నారు.

మూడు కారణాలకు నాలుగు ప్రయోగాలు చాలునని పట్టిక అంటుంది. మొదట నాలుగే చేశాను. తర్వాత తప్పు తెలిసింది. ఆ నాలుగు చాలాలంటే కారణాలు ఒకదానితో ఒకటి కలిసి పనిచేయకూడదు. తేమకూ, పీడనం వదిలే వేగానికీ మధ్య ఉన్నదే ఆ ముడి. వెనీర్ బాగా ఆరి ఉంటే ప్రెస్‌ను ఎంత వేగంగా తెరిచినా నష్టం లేదు. తేమగా ఉంటే ఆ వేగమే ప్రాణం తీస్తుంది. నాలుగు ప్రయోగాల్లో ఈ ముడి ప్రభావం జిగురు పూత ప్రభావంతో కలిసిపోయి, జిగురు ఎక్కువ పూయడమే తప్పన్నట్టు చూపించింది. మిగిలిన నాలుగూ చేసి ఎనిమిది పూర్తిచేశాక గానీ చిత్రం తేటపడలేదు. ఈ పద్ధతిని ఎవరైనా మొదలుపెట్టదలిస్తే ముందు కలప గురించి, ఆవిరి గురించి ఆలోచించి, ఆ తర్వాతే పట్టిక ఎంచుకోమని ప్రాధేయపడతాను.

దాని ఫలితంగా చేసినవి చాలా మామూలు పనులు. పేర్చే బల్ల దగ్గరికి వచ్చే ప్రతి కట్టలోంచి పది వెనీర్లు లాగి, అంచున ఒకచోట, మధ్యలో ఒకచోట తేమ మీటరు గుచ్చి చూస్తారు. 10 శాతం దాటితే ఎర్ర సుద్ద గీత, కట్ట వెనక్కి. మీటరు కలప జాతిని బట్టి తేడా చూపిస్తుంది కాబట్టి వారానికోసారి ముక్కలు తూచి, 103 డిగ్రీల ఓవెన్‌లో బరువు తగ్గడం ఆగేదాకా ఎండబెట్టి, మళ్లీ తూచి సరిచూస్తాను. ప్రెస్ పీడనాన్ని చివర్లో ఒక్కసారిగా వదలకుండా మెట్లు మెట్లుగా దించి, ఆవిరికి పోయే సమయం ఇస్తాం. లోడుకు రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఆ రెండు నిమిషాల కోసం నేను చేసిన వాదన ఈ పదకొండేళ్లలో ఇంక దేనికోసమూ చేయలేదు.

ఎండాకాలంలో ఇదే గోడ ఇంకో కథ చెప్పింది. ఏప్రిల్, మే నెలల్లో బుడగలు లేవు. కానీ కింది మూడు డేలైట్ల బోర్డుల్లో అడుగు పొర పొట్టులా లేచిపోతోంది. మా దగ్గర చేత్తో, కింది నుంచి పైకి ఎక్కిస్తారు. పదో బోర్డు ఎక్కేసరికి మొదటి బోర్డు అడుగున పీడనం లేకుండానే జిగురు ఉడికిపోతోంది. నొక్కేలోపే గట్టిపడిన జిగురు దేన్నీ అతికించదు. ఎండకు జిగురులోని నీళ్లు వెనీర్‌లోకి ఇంకిపోవడం దానికి తోడైంది. ఎక్కించేవాళ్లను ఇద్దరి నుంచి నలుగురిని చేసి, పది బోర్డులూ బల్లమీద సిద్ధంగా ఉన్నాకే మొదటిది లోపల పెట్టాలన్నాం. అంతే.

కోర్ ఖాళీల సంగతి ఇంత తేలిగ్గా తేలలేదు. జిగురు పూసిన పొరల మధ్య కోర్ ముక్కలను చేత్తో పక్కపక్కన పేర్చేవాళ్లు ఎక్కువగా ఆడవాళ్లు. ముక్క పొట్టిదైతే ఖాళీ, పెద్దదైతే పొర మీద పొర. నేను శిక్షణ పెట్టాను, బొమ్మలు అంటించాను, కోసిన బోర్డుల అంచులు చూపించాను. ఒక వారం తగ్గేవి, మళ్లీ మొదటికే. ఒక రోజు ఆ బల్ల దగ్గర ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్న పెద్దావిడ నన్ను పక్కకు పిలిచింది. "అమ్మా, సరిపోయే ముక్క కోసం ఆ మూలదాకా వెళ్లి వస్తే నాకు బోర్డు తగ్గుతుంది. బోర్డు తగ్గితే కూలి తగ్గుతుంది. ఖాళీ వదిలానని ఇక్కడ ఎవరూ కూలి తగ్గించరు కదా" అంది. బోర్డుకు ఇంత అని లెక్క కట్టే కూలి అది. ఖాళీ వదలమని మేమే డబ్బిచ్చి చెబుతున్నాం. ఆమె చేతులను తప్పుపట్టినందుకు నాకు ఈరోజుకీ బాధగానే ఉంది.

కూలి పద్ధతి మార్చడం నా చేతిలో లేదు. లెక్క చూపించడం ఉంది. పుట్టీకి, మళ్లీ ప్రెస్ చేయడానికి, రెండో రకంగా అమ్మినందుకు పోయిన డబ్బును, రోజు కూలి ఇస్తే అయ్యే ఖర్చు పక్కన పెట్టి చూపించాను. ఏడు నెలలు పట్టింది. ఇప్పుడు ఆ బల్లకు రోజు కూలి. ముక్కలను వెడల్పు ప్రకారం కోసి మూడు అరల్లో చేతికందే దూరంలో పెడతారు. తర్వాత కోర్ ముక్కలను దారంతో కుట్టి ఒకే షీటుగా చేసే యంత్రం కూడా వచ్చింది. అయినా నా లెక్కలో అసలు మలుపు యంత్రంతో రాలేదు, కూలి మారిన నెలలోనే వచ్చింది.

పీలింగ్ దగ్గర మందం తేడాల మీద కంట్రోల్ చార్టు పెట్టిన కథ చిన్నదే. గంటకు ఐదు వెనీర్లు కొలిచి, సగటును చార్టు మీద చుక్కగా పెడతాం. పైగీత, కిందిగీత మధ్య చుక్క ఉంటే యంత్రాన్ని ముట్టుకోకూడదు. అప్పటిదాకా ఆపరేటర్ ప్రతి కొలతకూ కత్తి దూరాన్ని సర్దేవాడు, ఆ సర్దుబాటే తేడాను పెంచేది. చేయి కట్టుకుని కూర్చోవడం అతనికి చాలా కష్టమైంది.

2025 ఫిబ్రవరి నుంచి ప్లైవుడ్‌కు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు, చిన్న పరిశ్రమలకు కొంత గడువు ఇస్తూ. నేను దీన్ని మనస్ఫూర్తిగా స్వాగతించాను. ఐఎస్ 710 ప్రమాణం ప్రకారం, నీళ్లకు తట్టుకోవాల్సిన మెరైన్ ప్లైవుడ్ ముక్కను 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచి, తర్వాత కత్తి మొనతో పొరలను విడదీస్తాం. జిగురు గీత దగ్గర శుభ్రంగా ఊడివస్తే అతుకు లేనట్టు. కలప నార చిరిగి జిగురుకు అంటుకుని వస్తే అది మంచి బోర్డు. ఆ చిరిగిన నార చూసినప్పుడు కలిగే తృప్తి ఎవరికైనా చెప్పి ఒప్పించలేను. కాకపోతే పరీక్షకు వెళ్లేది రోజుకు కొన్ని ముక్కలే. మిగిలిన వందల బోర్డుల సంగతి గోడ మీది గుర్తులనే అడగాలి.

పోయిన నెల ఊరికి వెళితే నాన్న ఒక కాగితం పొట్లం తీసి ఇచ్చారు. విప్పితే మైదాలాంటి మెత్తని పొడి. "నాలుగు నెలల కిందట చేసిన అల్మరా కింద రాలుతోంది. మీ బోర్డేనమ్మా" అన్నారు. పుచ్చు పురుగు. వేడి ప్రెస్‌లో పురుగు బతకదు, కానీ మందు సరిగా పట్టని వెనీర్‌లో తర్వాత వచ్చి గుడ్లు పెడుతుంది. ఇది బోర్డు దిగిన రోజున తట్టినా పలకదు, కోసినా కనిపించదు. గోడ మీద దీనికి గుర్తే లేదు. అల్మరా వెనకకు వంగి, బోర్డు వెనుక ముద్రలోని బ్యాచ్ నంబరు ఫోనులో ఫొటో తీసుకున్నాను. ఫ్యాక్టరీకి వచ్చి ఆ తేదీ లోడు పుస్తకం, తేమ పుస్తకం, జిగురు పుస్తకం తీశాను. మూడూ నిండుగా ఉన్నాయి. వెనీర్‌ను ముంచే బోరిక్ ఆమ్లం, బోరాక్స్ తొట్టి పుస్తకంలో మాత్రం ఆ వారం పేజీ ఖాళీగా ఉంది. తొట్టిలో మందు ఎప్పుడు కలిపారో, ఎంత బలంగా ఉందో ఎవరూ రాయలేదు. నిన్నటి నుంచి ఆ తొట్టి పక్కన కూడా ఒక సుద్దపలక వేలాడుతోంది. ప్రతి బ్యాచ్ నుంచి ఒక కోసిన ముక్కను తేదీ వేసి ల్యాబు అరలో పెడుతున్నాను, నెలకోసారి తీసి దులిపి చూడటానికి. నాన్న అల్మరాకు కొత్త బోర్డులు రేపటి లారీలో వెళ్తున్నాయి.